పేరుకొన్న పింఛను



నేఁటి నా ప్రసంగము పరదేశమున వార్ధక్యము గడుపువారి పింఛనులను గూర్చినది. ఇది పల్లెపట్టుల పెద్దలకు పనికిరాని ముచ్చటయని కొందఱు తలఁపవచ్చును. కాని కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలోను, కరీంనగరము ప్రాంతములోను నేఁడు ఏ పెద్ద గ్రామమునకు పోయినను, సముద్రము దాఁటిన కొడుకో, తమ్ముఁడో, మేనల్లుఁడో గల యిల్లు కొన్నియైన కనఁబడును. ముప్పది నలువది యేండ్ల క్రిందట వెళ్లినవారికి ఇప్పుడు తలలు నెరసినవి. వారిలో కొందఱు అక్కడనే నిలిచిపోవుదురు. కొందఱు, "ఊరికి వచ్చి చల్లగా కూర్చుందము, పింఛను ఎట్లును వచ్చును గదా" యని లెక్కలు వేసికొనుచుందురు. ఆ లెక్కలలో ఒక అంకె తఱచుగా విడిచిపోవుట నేను చూచితిని. అది యేదో చెప్పుటకే యీ శ్రమ.

దేశములన్నిటి సంగతి ఒక్కనాఁడు చెప్పుట సాధ్యము కాదు. చెప్పినను మీకు తలనొప్పియే మిగులును. కావున బ్రిటను దేశమును మాత్రమే తీసికొందును. మన తాతలు దానిని సీమ యనెడివారు. ఆ దేశపు పింఛను నియమములలో మన భారతదేశపు పేరు కూడ చిక్కుకొని యున్నది. అందుచేత నా యెంపిక.

సీమలోని వృద్ధాప్యపు పింఛను సర్కారు నౌకరులకు మాత్రమే చెందినది కాదు. మనకు పింఛను అనఁగానే బడిపంతులు, తాలూకా కచ్చేరి గుమాస్తా, రైలు ఉద్యోగి జ్ఞప్తికి వత్తురు. అక్కడ నట్లు కాదు. 1946 లో చేసిన జాతీయ బీమా చట్టము 1948 జూలై 5వ తేదీన అమలునకు వచ్చినది మొదలు, మిల్లులో పనిచేయువాఁడును, బస్సు నడపువాఁడును, వైద్యుఁడును, అంగడి పెట్టుకొన్నవాఁడును తమ సంపాదనలోనుండి ప్రభుత్వమునకు చందా కట్టుచుందురు. ఎన్ని యేండ్లు చందా కట్టిరో అన్ని యేండ్లకు తగిన పింఛను ముసలితనమున వచ్చును. 2016 ఏప్రిలులో వచ్చిన క్రొత్త పద్ధతి ననుసరించి పూర్తి పింఛనునకు 35 ఏండ్ల చందా కావలయును. 10 ఏండ్లైన లేనివారికి ఏమియు రాదు. 2025 లో వయస్సు 66 నిండవలసి యుండెను. 2026 మొదలు 2028 లోపల ఆ వయస్సును క్రమముగా 67 నకు పెంచునట్లు చట్టమున్నది. లెక్క మాత్రము నెలకు గాక వారమునకు కట్టుదురు. 2025 ఏప్రిలులో పూర్తి క్రొత్త పింఛను వారమునకు 230 పౌనుల 25 పెన్నీలు. 2016 నకు ముందే పింఛను వయస్సు వచ్చిన పాతవారికి మూలపింఛను 176 పౌనుల 45 పెన్నీలు.

ఈ మొత్తము ఏఁటేఁట పెరుగును. ధరలు పెరిగిన శాతము, వేతనములు పెరిగిన శాతము, నూటికి రెండున్నర, ఈ మూఁటిలో ఏది యెక్కువయో దాని చొప్పున పెంచుట 2010 తరువాత వచ్చిన ప్రభుత్వములు పాటించుచున్న కట్టడి. దీనికి వారు మూఁడు తాళముల పద్ధతి యని పేరు పెట్టిరి. నడుమ 2022 లో ఒక్కమాఱు వేతనముల తాళము విప్పి ప్రక్కన పెట్టిరి. మఱుసటి యేఁడు 2023 లో ధరలు మండిపోఁగా నూటికి 10.1 వంతున పెంచిరి. ముసలివాని సంచిలోనికి వచ్చు సరకు తగ్గకుండవలయునను తలంపు ఇందున్నది. మంచి తలంపే.

ఇఁక అసలు చిక్కు వినుఁడు. చందా కట్టిన మనిషి లోకములో ఎక్కడ నివసించినను పింఛను పంపుదురు. కాని ఏఁటేఁటి పెంపు మాత్రము ఎక్కడ నున్నను ఈయరు. ఐరోపా కూటమి దేశములలో నున్నవారికి పెంపు కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు, టర్కీ, ఫిలిప్పీన్సు, జమైకా, మారిషసు, ఇజ్రాయెలు మొదలగు కొన్ని దేశములతో పరస్పరపు ఒడంబడికలు గలవు గనుక అచ్చటివారికిని కలదు. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా, థాయిలాండు, పాకిస్తాను, మన భారతదేశము, ఇవి యన్నియు పెంపు లేని దేశములు. అట్టి దేశములో కాపురము పెట్టినవానికి, పింఛను మొదట ఎంత వచ్చెనో, లేక దేశము విడిచిననాఁడు ఎంత యుండెనో, చచ్చువఱకు అంతియే. ఇంగ్లీషువారు దీనిని గడ్డకట్టిన పింఛను అందురు. సంస్కృతము చదివిన దోషముచేత నాకు ఘనీభూతమను మాట మొదట నోటికి వచ్చినది. కాని మన యిండ్లలో చలికాలమున నేయి పేరుకొనును గదా, పేరుకొన్న పింఛను అనినచో మా యింటివారికి కూడ తెలిసినది. ఇట్టివారు నాలుగైదు లక్షల మంది యున్నారు. అందు అధికభాగము ఆస్ట్రేలియా, కెనడాలలోనే.

ఈ విభజనలో ఒక న్యాయసూత్రమున్నదా యని వెదకఁబోకుఁడు. నయాగరా జలపాతము రెండు దేశముల పొలిమేరపై నున్నది. ఇవతలి గట్టున అమెరికాలో నున్న సీమ ముసలివానికి పెంపు కలదు. అవతలి గట్టున కెనడాలో నున్నవానికి లేదు. ఇద్దఱును అదే హోరు వినుచు నిద్రపోవుదురు. ఇంకొక వింత. కరీబియను సముద్రములో వర్జిను దీవులని కొన్ని గలవు. వానిలో కొన్ని అమెరికావి, కొన్ని బ్రిటనువి. అమెరికా దీవిలో నున్నవానికి పెంపు వచ్చును. బ్రిటను జెండా ఎగురు దీవిలో నున్నవానికి రాదు! కెనడాతోను న్యూజీలండుతోను ఒడంబడికలు లేకపోలేదు. అవి పెంపు సంగతి నెత్తవు, అంతియే.

మా పెదతండ్రిగారి కుమారుఁ డొకఁడు నాకంటె నాలుగేండ్లు పెద్ద. యౌవనమున సీమకు వెళ్లి 35 ఏండ్లకు పైగా అక్కడ పనిచేసెను. అతని భార్య అక్కడి సర్కారు ఆసుపత్రిలో నర్సుగా నుండెను. 2022 లో అతనికి పింఛను మొదలైనది. ఆ యేఁటి పూర్తి మొత్తము వారమునకు 185 పౌనుల 15 పెన్నీలు. ఆ యేఁటి చివరనే దంపతులు ఊరికి వచ్చి పాత యిల్లు బాగుచేయించుకొని స్థిరపడిరి. ఒకనాఁడు అరుగుమీఁద కూర్చుండి, "అన్నయ్యా, సీమలో పింఛను 230 పౌనులు దాఁటినదఁట, నీ కెంత వచ్చుచున్నది?" అని యడిగితిని. "185 ఏరా. మార్పు లేదు," అనెను. నేను మొగము చిట్లించితిని. అతఁడు నవ్వి, "అట్లు చూచెద వేమిరా! నేను వచ్చిననాఁడు పౌనునకు 95 రూపాయలు. ఇప్పుడు 115. వారమునకు పదునేడున్నర వేలు వచ్చుచోట ఇరువదియొక్క వేలు వచ్చుచున్నవి. నా పింఛను నిలిచినది కాని నా రూపాయలు పెరిగినవి," అనెను.

ఈ మాటలో నిజమున్నది. ఈ నిజమే మనుష్యుని ఏమఱించునది. అందుచేత దీనిని కొంత నెమ్మదిగా విచారింతము.

2000 సంవత్సరమున సీమలో పూర్తి మూలపింఛను 67 పౌనుల 50 పెన్నీలు. ఆ సంవత్సరము పింఛను పుచ్చుకొని ఒకఁడు బెజవాడకు వచ్చి కాపురము పెట్టెననుకొందము. అప్పుడు పౌను ఇంచుమించు 68 రూపాయలు. వారమునకు 4,590 రూపాయలు వచ్చెను. ఆ దినములలో అది దొరతనమే. 2025 నడిమికి పౌను ఇంచుమించు 115 రూపాయలైనది. అతనికి 67 పౌనుల 50 పెన్నీలే గనుక, వచ్చునది 7,762 రూపాయలు. రూపాయలు పెరిగినవి గదా యనిన, పెరిగినవి. కాని ఈ యిరువదియైదేండ్లలో మన దేశమున జీవనవ్యయము నాలుగింతలు దాఁటినది. నాఁడు 4,590 రూపాయలతో నడచిన సంసారము నేఁడు నడువవలయుననిన 18 వేలకు పైగా కావలయును. చేతికి వచ్చునది అందులో సగము కూడ కాదు. పెంపు లోపింపకుండినచో అతనికి 176 పౌనుల 45 పెన్నీలు, అనఁగా ఇరువది వేల చిల్లర వచ్చియుండెడిది. ధరలతో సరిగా పరుగెత్తియుండెడిది. ఏఁటికి లెక్కించినచో అతఁడు కోలుపోవునది 5,665 పౌనులు.

దీనిలోని మర్మ మేమనఁగా, ఏ దేశమున ధరలు వేగముగా పెరుగునో ఆ దేశపు నాణెము సాధారణముగా క్రుంగుచుండును. నాణెము క్రుంగిన కొలఁది వెలుపలి సొమ్ము తెచ్చుకొనువానికి కొంత లాభము. ఆ లాభము ధరల నష్టమును కొంత పూడ్చును. పూర్తిగా పూడ్చుట అరుదు. మూఁడేండ్లలో ఈ తేడా కంటికి ఆనదు. పదేండ్లలో ఆనును. ఇరువదియైదేండ్లకు, అనఁగా మనిషి తొంబదవ పడిలో నుండి మందులకును మనుష్యులకును ఎక్కువ ఖర్చగునప్పుడు, అది ఇంటి దూలమునకు పట్టిన చెదవలె బయటఁబడును.

మా యన్న యింటిలోనే ఇంకొక విశేషమున్నది. మా వదినెకు ఆసుపత్రి కొలువునకు వేఱుగా వచ్చు పింఛను ఉద్యోగపు పింఛను. అది యెక్కడ నివసించినను ధరల ననుసరించి ఏఁటేఁట పెరుగును. 2023 లో 10.1, 2024 లో 6.7, 2025 లో 1.7 శాతము. ఒకే కప్పు క్రింద, ఒకే ప్రభుత్వమునుండి వచ్చు రెండు పింఛనులలో ఒకటి పేరుకొన్నది, ఒకటి పాఱుచున్నది. కావున సీమలో వైద్యులుగా, నర్సులుగా పనిచేసిన మన తెలుఁగువారు ఈ రెంటిని వేఱువేఱుగా గుర్తించుకొనవలయును. "నాకు పెరుగుచున్నది, నీ కేల పెరుగదు?" అను వాదములు తోడల్లుళ్ల నడుమ ఈ తెలియమివలననే పుట్టుచున్నవి.

నాణెము ఎల్లప్పుడును మనకు అనుకూలముగా క్రుంగుననుకొనుట ఎంత ప్రమాదమో థాయిలాండు చూపును. మన యన్నకు కలిగిన ఊఱట అచ్చటి సీమవారికి లేదు. ఎండను కోరి, చౌక కాపురమును కోరి వేలకొలఁది ఇంగ్లీషు ముసలివారు ఆ దేశమునకు పోయిరి. 2007 ప్రాంతమున పౌనునకు 68 బాట్లు వచ్చెడివి. 2025 నాఁటికి 44 బాట్ల ప్రాంతమునకు దిగినది. పౌను తగ్గినది, పింఛను పెరుగలేదు, అచ్చటి ధరలు మాత్రము నిలువలేదు. మూఁడు వైపుల పోటు. దీనికి తోడు, విశ్రాంతి నివాసమునకై అనుమతి కోరువాఁడు 50 ఏండ్లు నిండినవాఁడై, బ్యాంకులో 8 లక్షల బాట్లయినను, నెలకు 65 వేల బాట్ల రాబడియైనను చూపవలయునని ఆ దేశపు నియమము. 2025 నాఁటి పూర్తి సీమ పింఛను నెలకు లెక్కించిన 998 పౌనులు. ఇంచుమించు 44 వేల బాట్లు. క్రొత్తగా వచ్చువాని పూర్తి పింఛనే చాలనప్పుడు, పాతికేండ్ల క్రిందట పేరుకొన్నవాని మాట చెప్పవలసిన పని లేదు. పింఛను తప్ప వేఱు నిల్వ లేనివాఁడు ఆ దేశమున నిలుచుటకే అర్హతను కోలుపోవచ్చును.

రోగపు ఖర్చు ఇంకొకటి. సీమలో వైద్యము ఉచితమన్న మాట వినియుందురు. ఆ హక్కు చందావలన వచ్చినది కాదు, నివాసమువలన వచ్చినది. కాపురము ఎత్తివేసిన నాఁడు ఆ హక్కు కూడ పోవును. స్పెయిను వంటి ఐరోపా దేశములకు పోయిన పింఛనుదారుల వైద్యమునకు బ్రిటను ప్రభుత్వమే సొమ్ము చెల్లించు ఏర్పాటొకటి గలదు. థాయిలాండులో లేదు. మన దేశమున లేదు. డెబ్బది దాఁటినవానికి క్రొత్తగా వైద్యపు బీమా దొరకుట సులభము కాదు. ఇచ్చినను ఉన్న రోగములను కొన్నాళ్లు ప్రక్కకు తీసివేయుదురు.

ఇది అన్యాయమని కోర్టునకు పోయినవారు లేరా? ఉన్నారు. ఆనెట్ కార్సన్ అను నామె సీమలో పనిచేసి, 1990 ప్రాంతమున దక్షిణాఫ్రికాకు పోయి స్థిరపడెను. పోయిన తరువాత కూడ తన యిష్టముతో చందా కట్టెను. 2000 లో ఆమెకు పింఛను వచ్చినది. మూలభాగము 67 పౌనుల 50 పెన్నీలు. దానిపై పెంపు లేదనిరి. అందఱితోపాటు చందా కట్టినదాననైన నాకు నివాసమును బట్టి తక్కువ చేయుట పక్షపాతమని ఆమె వాదించెను. సీమలోని అత్యున్నత న్యాయస్థానముగా నుండిన ప్రభువుల సభ 2005 లో ఆమె వాదమును త్రోసిపుచ్చినది. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము వారి మహాపీఠము 2010 మార్చి 16వ తేదీన, 11 మంది ఒక ప్రక్క, 6 గురు ఒక ప్రక్క, అదే తీర్పు చెప్పినది.

ఆ తీర్పులోని తర్కమును మనము తెలిసికొనవలయును. పింఛను చందా అనునది మనము బ్యాంకులో వేసికొన్న సొమ్ము వంటిది కాదఁట. అది పన్ను వంటిది. దేశములో నున్నవారి సంక్షేమమునకై అందఱును కలసి మోయు బరువు. పెంపు అనునది ఆ దేశపు ధరలకు, ఆ దేశపు జీవనమునకు తగినట్లు చేసినది. వేఱు ధరలు, వేఱు నాణెము గల దేశమున నున్నవాఁడు అక్కడివానితో సమానస్థితిలో లేఁడు. సమానస్థితి లేనిచోట పక్షపాతమను మాట పొసఁగదు. ఒడంబడిక చేసికొనుట చేసికొనకపోవుట ప్రభుత్వముల యిష్టము.

నేను న్యాయశాస్త్రము చదివినవాఁడను కాను. తర్కసంగ్రహము మాత్రము చదివితిని. నా బుద్ధికి ఈ వాదములో ఒక వ్యభిచారము కనఁబడుచున్నది. ధరలు వేఱైనందున పెంపు ఈయరాదనినచో, అమెరికాలో ధరలు వేఱు కావా? టర్కీలో కావా? అచ్చట ఇచ్చుచున్నారు గదా. కావున హేతువు ధరలలో లేదు, ఒడంబడికలో నున్నది. ఒడంబడిక లేకపోవుటకు హేతువు ఖర్చు. "మా పన్నులు దేశములో నున్న ముసలివారికే చాలుటలేదు" అని పార్టీభేదము లేక ఆ ప్రభుత్వములన్నియు చెప్పుచు వచ్చినవి. ఆ మాట సూటియైనది. దానిని మొదటనే చెప్పి, యౌవనమున చందా పుచ్చుకొనునాఁడే చెవిని వేసియుండినచో ఇంత దుఃఖముండదు.

దుఃఖమనుటకు కారణమున్నది. ఆన్ పక్రిడ్జ్ అను నామె రెండవ ప్రపంచయుద్ధమున సైనికసేవ చేసినది. 2001 లో 76 ఏండ్ల వయస్సున, ముసలితనమున కూఁతురి దగ్గఱ నుండవలయునని కెనడాలోని కాల్గరీ నగరమునకు పోయెను. నాఁటి పింఛను 72 పౌనుల 50 పెన్నీలు. 2024 లో అదే పింఛను సీమలో 169 పౌనుల 50 పెన్నీలైనది, ఆమెకు 72న్నరయే. ఆ యేఁటి డిసెంబరులో, నూఱేండ్లు నిండుటకు కొన్ని దినముల ముందు, ఆమె విమానమెక్కి లండనునకు వచ్చి ప్రభుత్వమువారికి తన మొఱ వినిపించెను. నియమము మాఱలేదు. కూఁతురి దగ్గఱకు పోవుట ఆమె చేసిన నేరమా యని మనకు తోఁచును. మనలో ఏ ముసలితల్లి పోదు?

ఒక ప్రభుత్వము చేయని పని ఇంకొక ప్రభుత్వము తలకు చుట్టుకొనుట కూడ జరిగినది. ఆస్ట్రేలియాలోని సీమ ముసలివారి పింఛను చాలనప్పుడు, పేదవారికి ఆ దేశమే తన ధనాగారమునుండి పూరించి యిచ్చుచుండెను. పెంపు ఈయుఁడని ఎన్నిమాఱులడిగినను సీమవారు వినరైరి. విసిగి, ఆస్ట్రేలియావారు ఆ దేశముతో నున్న సామాజిక రక్షణపు ఒడంబడికను 2001 మార్చి 1వ తేదీతో త్రెంచుకొనిరి.

సీమవారిని ఇంతగా తూర్పారఁబట్టు నేను మన యింటి సంగతి మఱువలేదు. నావంటి సర్కారు బడిపంతులకు కరువు భత్యమున్నది. ధరలు పెరిగినప్పుడు, ముందో వెనుకో, అదియు పెరుగును. కాని ఫ్యాక్టరీలలో, కంపెనీలలో పనిచేసి 1995 నాఁటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద విశ్రమించినవారికి అట్టి భత్యము లేదు. వారి కనిష్ఠ పింఛను నెలకు వేయి రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించిరి. పదేండ్లు గడచిన పిమ్మట 2024 లోను అది వేయియే. సముద్రము దాఁటకుండనే, పుట్టిన ఊరిలోనే పేరుకొన్న పింఛనులు ఇవి.

ఇఁక సీమనుండి ఊరికి రాఁదలఁచువారు మిమ్ము సలహా యడిగినచో చెప్పఁదగిన సంగతులు కొన్ని. పింఛను వచ్చిన తరువాత దేశము విడుచుటయు, విడిచిన తరువాత పింఛను వచ్చుటయు రెండును ఒకే ఫలమునకు వచ్చును. నిలిచిపోవు అంకె మాత్రము మాఱును. ఒకటి రెండేండ్లు ఆలస్యముగా వచ్చినవాని అంకె కొంచెము పెద్దది. పెంపు లేని దేశమున నున్నవాఁడు కొన్ని వారములు సీమకు చుట్టపుచూపుగా పోయినచో, అక్కడ నున్న దినములకు మాత్రము పెరిగిన మొత్తమును కోరవచ్చును; తిరిగి వచ్చినంతనే పాత మొత్తమే. శాశ్వతముగా తిరిగిపోయినచో ఆనాఁటి పూర్తి మొత్తము ఇత్తురు, గడచిన యేండ్ల బాకీ ఈయరు. ఎండ తగిలిన నేయి కరఁగినట్లు అక్కడ అడుగిడఁగనే కరఁగును. కాని ఎనుబదియేండ్లు దాఁటినవాఁడు మనుమలను విడిచి, చలిదేశమున ఒంటిగది యద్దెకు తీసికొనుటకు ఎట్లు పోవును?

అక్కడి కచ్చేరివారు కొన్ని యేండ్ల కొకమాఱు, మనిషి బ్రతికియున్నట్లు ధ్రువపత్రము పంపుమని కాగితము వేయుదురు. మనకు ఏఁటేఁట అలవాటైన పనియే. తపాలాలో ఆ కాగితము తప్పిపోయినను, పిల్లలు చూడక ప్రక్కన పడవేసినను పింఛను ఆగిపోవును. మా యన్న ఆ కాగితమునకై తపాలాజవానునకు ముందుగనే చెప్పి యుంచెను.

2025 జూలైలో భారత బ్రిటను ప్రభుత్వములు వాణిజ్యపు ఒడంబడికపై సంతకములు చేసినవి. దానితోపాటు చందాలను గూర్చిన ఏర్పాటొకటి కూడ కుదిరినదని విని, మా యన్న పత్రిక చేతఁబట్టుకొని ఉత్సాహముతో వచ్చెను. చదివి చూచితిమి. కంపెనీవారు కొంతకాలపు పనికై ఒక దేశమునుండి ఇంకొక దేశమునకు పంపిన ఉద్యోగి రెండు చోట్ల చందా కట్టనక్కఱలేదనుట దాని సారము. అది పనిచేయు పడుచువాండ్ర సంగతి. మన దేశమున నున్న వృద్ధుల పింఛను పెంపు మాట అందులో లేదు.